పట్టకూడని రంగు

కదలొద్దన్నాడు. ఎంతసేపని అడిగితే, ముప్పావుగంట బాబాయ్, కదిలావంటే మళ్లీ మొదటికొస్తుంది, అనేసి ఆ ముస్తాక్ అనే అతను తలుపు మూసుకుని అద్దం వెనక్కి వెళ్లిపోయాడు. అతను అలా వెళ్లాడో లేదో బుల్లయ్యకి ముక్కు మీద దురద మొదలైంది. అరవై రెండేళ్లలో ఆ ముక్కు ఉన్న సంగతే ఎప్పుడూ పట్టించుకోలేదు, ఇవాళే దానికి ముహూర్తం కుదిరింది. తలకి పంజరం లాంటిది బిగించారు, చెవుల్లో స్పాంజి ముక్కలు కుక్కారు, వాటి మీద రెండు డిప్పలు పెట్టారు, గుప్పిట్లో ఒక రబ్బరు బుడ్డి పెట్టి భయమేస్తే నొక్కమన్నారు. భయమేస్తే నొక్కడానికి ఏర్పాటుంది గానీ ముక్కు దురద పెడితే ఏ ఏర్పాటూ లేదు. పోనీ ఉత్త దురదేనా అంటే అదీ కాదు. పొద్దున గుంటూరు స్టేషన్‌లో దిగి ఎక్కిన ఆటోవాడు సరిగ్గా మిర్చి యార్డు దారిలోనే పెట్టాడు, టిక్కీలనే మిర్చి బస్తాలు ఎత్తుకున్న లారీల వెనక అరగంట ఇరుక్కుని ఆ ఘాటంతా పీల్చాల్సి వచ్చింది, అదింకా గొంతులోనే ఉంది. తుమ్మితే కదిలినట్టా కాదా అని అడగడం మర్చిపోయాడు. అడగాల్సినవన్నీ మనిషిని లోపలికి తోశాకే గుర్తొస్తాయి, ఖర్మ.

మిషను మొదలైంది. టకటకటకటక, కాసేపాగి డబడబడబడబ. బుల్లయ్య పళ్లు నూరాడు, నూరినా కదిలినట్టేనేమోనని మానేశాడు. ఇది పవర్‌లూమ్ చప్పుడు. అచ్చంగా అదే. చీరాల జాండ్రపేటలో పుట్టి, ముప్పై ఎనిమిదేళ్లు చేతిమగ్గాలకి నూలు రంగులద్ది, పవర్‌లూమ్ పేరెత్తితే ఎదుటివాడితో మాట మానేసే మనిషిని తీసుకొచ్చి దాని కడుపులోనే పడుకోబెట్టారు. చేతిమగ్గానికి ఒక తీరుంటుంది, చెయ్యి లాగాక కాలు తొక్కుతుంది, ఆ మధ్యలో మనిషికి ఊపిరి తీసుకునేంత సందుంటుంది. నాన్న మగ్గం అలాగే ఆడేది. తను ఆ మగ్గం గుంటలో దిగలేదు, రంగుల తొట్టి దగ్గరికి పోయాడు, ఎందుకంటే తొట్టిలో ముంచిన చిలప, ఆ నూలు కట్ట, పాచిపట్టిన పసుప్పచ్చగా పైకి లేచి, గాలి తగిలీ తగలగానే కళ్లముందే నీలంగా తిరగడం చూశాడు. అది చూశాక ఇంక దేని మీదికీ మనసు పోలేదు. తడి మీద ఒక రంగు, గాలికి ఒక రంగు, ఆరాక ఇంకో రంగు. తడిగా ఉన్నప్పుడే ఆరాక ఏమవుతుందో చెప్పగలిగినవాడే అద్దకం పనివాడు. చీరాల మొత్తం మీద అలా చెప్పగలిగినవాళ్లు ఇద్దరే ఉండేవాళ్లు, రెండోవాడు పోయి ఏడేళ్లయింది. అంటే మిగిలింది తను. తను కాదని ఎవడైనా అనమను చూద్దాం. అన్నాడుగా ఒకడు, బావమరిది.

ఆ బావమరిది చెంచురామయ్య గుర్తుకురాగానే ఒళ్లు మళ్లీ మండింది. వెంకాయమ్మకి సొంత అన్న, పేరాలలో పన్నెండు మగ్గాలు నేయిస్తాడు, అందులో ఏ మగ్గం మీది నూలైనా బుల్లయ్య తొట్టిలో మునిగి రావాల్సిందే. ఈమధ్య వాడికి ఒక పెళ్లివారివి ఇరవై చీరలు వచ్చాయి, అన్నీ నెమలికంఠం రంగు. మొదటి లాటు అద్ది ఇచ్చాడు, బ్రహ్మాండం అన్నారు. నూలు చాల్లేదు, పది రోజులకి రెండో లాటు అద్ది ఇచ్చాడు. మర్నాడు చెంచురామయ్య రెండు చిలపలూ పట్టుకొచ్చి అరుగు మీద విసిరాడు. "ఏం బావా, ఇది నెమలికంఠమా? చెరువులో పాచి ఇంతకంటే బాగుంటది" అన్నాడు. బుల్లయ్య రెండూ చేతిలోకి తీసుకుని చూశాడు. రెండూ ఒకటే. నీకు శుక్లాలొచ్చాయి, ఆపరేషన్ చేయించుకో పో, అన్నాడు. కాదు బావా, నీకు పేరు తలకెక్కింది, ఇంక కంటికి ఏం కనపడుద్ది, అన్నాడు వాడు. వీధంతా చేరింది. వెంకాయమ్మ రెండు చిలపలూ ఎండలో మంచం మీద పక్కపక్కన పరిచి, వంగి చూసి, రెండూ ఒకటి కాదయ్యా అంది. రంగుల సంగతి నీకేం తెలుసే, మూసుకుని లోపలికి పో, అని అరిచాడు. అరిచాక మళ్లీ వంగి చూశాడు. ఎండలో చూశాడు, నీడలో చూశాడు, వెనక్కి జరిగి చూశాడు. రెండూ ఒకటే. దేవుడి మీద ఒట్టు, రెండూ ఒకటే.

ఆ తర్వాత మూడు రోజులు చెయ్యని పని లేదు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైందన్నాడు, కాస్టిక్ మార్చి చూశాడు, రంగు పొడి అమ్మిన షాపువాడితో తగువేసుకున్నాడు. అన్నిటికీ కారణం దొరికింది గానీ, వాళ్లందరికీ కనపడే తేడా తనకెందుకు కనపడటం లేదో దానికి మాత్రం కారణం దొరకలేదు. నాలుగో రోజు పొద్దున లేవగానే తల పగిలిపోయే నొప్పి, గడపలోనే వాంతి. అంతకు వారం ముందునుంచే ఎడమ భుజం ఊరికే గుమ్మానికి కొట్టుకుంటోంది, గుమ్మమే ఇరుకైనట్టు. ముప్పై ఎనిమిదేళ్లుగా దాటుతున్న గుమ్మం ఇప్పుడెందుకు ఇరుకవుతుందని వెంకాయమ్మ అడిగితే దాని మీదా అరిచాడు. ఈ మధ్య ఆమె ఏది అడిగినా అరుపే, తనకే తెలుస్తోంది, అయినా ఆగదు. ఆమె మాత్రం అరిచినందుకు ఏమీ అనుకోకుండా రెండేళ్లనాటి ఆసుపత్రి కాగితాల సంచీ అటక మీంచి దింపింది. అప్పుడు క్యాన్సరని ఎడమ కిడ్నీ తీసేశారు. మొత్తం పోయింది, ఇంక భయం లేదు అన్నారు. ఇప్పుడు, అప్పట్లో చూసిన డాక్టరే చైతన్యకృష్ణ, పిలగాడిలా ఉంటాడు, వీళ్లు చెప్పిందంతా విని, వేలు ఎడమ పక్కన ఆడించి కనపడుతోందా అని రెండుసార్లు అడిగి, తలకి ఒక ఎమ్మారై తీద్దామండీ, కిడ్నీలో ఉన్నది ఒక్కోసారి తలకెక్కుతుంది, రంగు ఎక్కించి చూస్తే తేలిపోతుంది, అన్నాడు. చెంచురామయ్య అన్నమాటే. తలకెక్కింది. ఊళ్లో తిట్టు, ఇక్కడ జబ్బు పేరు.

టకటకటక. గడియారం కూడా కనపడదు ఈ గొట్టంలో. పది నిమిషాలయ్యాయో పాతికయ్యాయో. పొద్దున్నుంచి అడిగిందే అడిగి చంపారు. ఒంట్లో ఇనుము ఉందా, గుండెలో మిషన్ ఉందా, పళ్లు కట్టించుకున్నావా. ఆ రంగుని ఉన్న ఒక్క కిడ్నీ తట్టుకుంటుందా లేదా అని ముందు రక్తం తీశారు, దానికో గంట. మొలతాడుకి రాగి తాయెత్తు ఉందంటే తాడు తెంపమన్నారు. వెంకాయమ్మ ఆ మాటకి నర్సుతో యుద్ధానికి దిగింది, మగమనిషి మొలతాడు తెంపుతారటమ్మా అని. చివరికి తాడు ఉంచి తాయెత్తు ఒక్కటీ ఊడదీసేలా రాజీ కుదిరింది, తాయెత్తు ఆమె కొంగున ముడేసుకుంది. అంతటితో ఊరుకుందా అంటే, లేదు. సంచీలోంచి పసుపు పొట్లం తీసి బుల్లయ్య మణికట్టు మీద చిటికెడు రాసి, రంగు పట్టు తల్లీ అంది. నర్సు దూదితో తుడిచేసింది. వెంకాయమ్మ ఏం పట్టించుకోకుండా, ఏం భయం లేదులేయ్యా, రంగు బాగా పట్టాలని చౌడమ్మ తల్లికి మొక్కుకున్నాను, పట్టిందంటే కొత్త చీర కడతానన్నాను, నెమలికంఠం రంగుదే, అంది. బుల్లయ్య ఆ మాట వినలేదు. వినబడింది, వినలేదు. కాపురానికి వచ్చిన మొదటి వారం నుంచీ ఏ కొత్త తొట్టి కలిపినా అంచు మీద చిటికెడు పసుపు వేసి రంగు పట్టు తల్లీ అనడం ఆమెకి అలవాటు. ఆ మాట అనకుండా తొట్టిలో నూలు ముంచితే తనకే తోచదు, ఆ సంగతి ఎప్పుడూ పైకి చెప్పలేదనుకో.

అసలు తనకేం కావాలి. గొట్టంలో పడుకుని ఆలోచించడానికి ఇంకేం పని లేదు కాబట్టి ఇదొక్కటీ తేల్చుకుందామనుకున్నాడు. తలలో ఏమీ లేదన్నారనుకో. బతుకుతాడు. బాగానే ఉంది. కానీ అప్పుడు ఆ పాచి రంగు ఎవరి తప్పు. నీళ్లది కాదు, పొడిది కాదు. తనదే. కన్ను పోయిందని అర్థం, పనితనం పోయిందని అర్థం, చెంచురామయ్య అరుగు మీద అన్నదంతా నిజమని అర్థం, ఇంక మిగిలిన బతుకంతా వాళ్లూ వీళ్లూ చూసి చెబితే తప్ప ఎరుపో పసుపో తెలియని ముసలాడిలా వసారాలో కూర్చోవడమే. అలా కాకుండా తలలో ఏదో ఉందన్నారనుకో. అప్పుడు తప్పు తనది కాదు, జబ్బుది. ఆ కాగితం తీసుకెళ్లి చెంచురామయ్య మొహాన కొట్టొచ్చు. చూడరా, నా కన్ను కాదురా, ఇదిగో, అనొచ్చు. వాడు తల దించుకుంటాడు. వాడు తల దించుకోవడం కళ్లకి కట్టినట్టు కనపడి బుల్లయ్యకి నిజంగానే హాయిగా అనిపించింది, ఆ వెంటనే తన మీద తనకే అసహ్యమేసింది. బావమరిది తల దించుకోవడం చూడటానికి చావు కోరుకునే వెధవ లోకంలో ఇంకొకడు ఉంటాడా. ఉండడు. ఈ తల పగలగొట్టి చూడాల్సిందేగానీ ఫోటో తీస్తే ఏం తెలుస్తుంది.

చప్పుడు ఆగింది. బల్ల గొట్టంలోంచి బయటికి జరిగింది. ముస్తాక్ చేతిలో సూది లేని సిరంజి పట్టుకుని వచ్చాడు, మోచేతి దగ్గర పొద్దునే గుచ్చి పెట్టిన గొట్టానికి తగిలించబోయాడు. అయిపోయిందేమో అనుకున్న బుల్లయ్యకి ఇంకా పదిహేను నిమిషాలుందని తెలిసి మండుకొచ్చింది. సిరంజి వంక చూశాడు. అందులో ఉన్నది నీళ్లలా ఉంది.

"ఇదేనా రంగు?"

"ఇదే బాబాయ్."

"ఏదయ్యా ఇందులో రంగు? మంచినీళ్లు పట్టుకొచ్చి రంగంటావేంటి?"

ముస్తాక్ నవ్వాడు. "మనకి కనపడదు, మిషన్‌కి కనపడుద్ది. చెయ్యి చల్లగా అనిపిస్తది, కదలకు."

"తలంతా సమంగా పట్టుద్దా? ఎంతసేపు పడుద్ది?"

"తలంతా ఎందుకు పట్టుద్ది బాబాయ్. బాగున్న చోట అసలు పట్టదు. మెదడుకి కంచె ఉంటది, దీన్ని లోపలికి రానియ్యదు. ఏదన్నా తేడా ఉంటేనే అక్కడ కంచె తెగుద్ది, అక్కడ దిగి తెల్లగా మెరుస్తది. ఎక్కడా పట్టకుండా ఉత్తగా వచ్చిందనుకో, దండం పెట్టుకుని ఇంటికి పోవడమే."

చెయ్యి చల్లబడింది. మోచేతి నుంచి పైకి, భుజంలోకి పాకింది. బల్ల మళ్లీ లోపలికి జరిగింది, మళ్లీ డబడబడబ మొదలైంది, అప్పుడు వెలిగింది బుల్లయ్యకి. వెంకాయమ్మ మొక్కుకున్నది. రంగు బాగా పట్టాలని మొక్కుకుంది. ఈ పిచ్చిది పొద్దున్నుంచీ, బండిలో చీరాల నుంచి తెనాలి దాకా, తెనాలిలో బండి మారి గుంటూరు దాకా, ఆటోలో, ఆసుపత్రి మెట్ల మీద, ఇప్పుడు బయట కుర్చీలో, తన మొగుడి తలలో రంగు బాగా పట్టాలని చౌడమ్మకి మొక్కుతోంది. ఆ తల్లి మాత్రం తక్కువ తిన్నదా, ముప్పై ఎనిమిదేళ్లలో ఈమె ఏది అడిగినా కాదనలేదు. లేచి బయటికి పోయి, ఏమే, ఏం మొక్కావే నువ్వు, వెనక్కి తీసుకో, అని అరవాలి. లేవడానికి లేదు, తలకి పంజరం. గుప్పిట్లో బుడ్డి ఉంది, నొక్కితే ముస్తాక్ వస్తాడు, వచ్చి ఏంటి బాబాయ్ అంటాడు, మా ఆవిడ మొక్కు తప్పు మొక్కింది అని చెబితే నవ్వుతాడు. పరాయి పిల్లాడు, నవ్వడా మరి. నొక్కలేదు. తనే మొక్కుకోవాలి, అదొక్కటే దారి. తల్లీ, చౌడమ్మ తల్లీ, ఆమె మాట వినకు, ఆమెకి తెలియదు. నా తొట్టిలో ఏ రంగూ పట్టకుండా పోకూడదని ఇన్నేళ్లూ నీ కాళ్లు పట్టుకున్న మాట నిజమే, ఈ ఒక్కటీ పట్టనివ్వకు. మైనం పట్టిన చిలప మీద నీళ్లు పోసినట్టు జారిపోవాలి. కన్ను పోతే పోనీ. తప్పు నాదే అననీ, పాచి రంగేనంటాను, పేరాల వెళ్లి పన్నెండు మగ్గాల ముందూ చెబుతాను. పట్టకు. పట్టకు. మొదటిసారిగా ఒక రంగుని పట్టకని బతిమాలుతున్నాడు, బతిమాలుతుంటే కళ్లలోంచి నీళ్లు రెండు పక్కలా చెవుల డిప్పల్లోకి కారుతున్నాయి, తుడుచుకుంటే కదిలినట్టు. ముక్కు దురద ఎప్పుడు పోయిందో తెలియలేదు.

చప్పుడు ఆగి బల్ల బయటికొచ్చేసరికి ముస్తాక్ పక్కనే నిలబడి ఉన్నాడు. పంజరం విప్పాడు. పొద్దున్నుంచీ తొందరగా బాబాయ్, వెనక మనుషులున్నారు, అని ఊదరగొట్టిన మనిషి, వంగి చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు. "నెమ్మదిగా లే బాబాయ్, తొందరేం లేదు" అన్నాడు. బుల్లయ్య అతని మొహం వంక చూశాడు, అతను చెప్పుల వంక చూశాడు. తొందరేం లేదట. ఇందాక లేని తీరుబడి ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది.

గది దాటేటప్పుడు అద్దం వెనక తెర కనపడింది. ముస్తాక్ అడ్డం రాబోయాడు, అప్పటికే బుల్లయ్య ఆగి చూస్తున్నాడు. బూడిద రంగులో కోసిన వాల్‌నట్ పప్పులా మెదడు. వెనక పక్కన తెల్లగా మూడు చోట్ల, ఒకటి గోలీకాయంత, రెండు సెనగగింజలంత. ఎక్కడా చెదరలేదు, అంచు కట్టుకుని నిండుగా పట్టింది. ఉన్నదంతా నలుపూ తెలుపే, ఇందులో కన్ను మోసపోవడానికి ఏమీ లేదు. రిపోర్టు సాయంత్రం డాక్టరుగారు చెబుతారు బాబాయ్, ఇవి చూస్తే మనకేం తెలియదు, అంటూ ముస్తాక్ బుల్లయ్య మోచెయ్యి పట్టుకున్నాడు. "రంగు పట్టిందో లేదో నాకొకడు చెప్పాలటయ్యా" అన్నాడు బుల్లయ్య. విసుగ్గానే అని, తెర వంక ఇంకోసారి చూశాడు.

తలుపు తీయగానే వెంకాయమ్మ లేచి నిలబడింది. కొంగు ముడి విప్పి తాయెత్తు చేతిలో సిద్ధంగా పట్టుకుని ఉంది. లోపల గొట్టంలో పడుకుని ఆమెని తిట్టాల్సినవన్నీ వరసగా కూర్చుకున్నాడు, ఒక్కటీ మర్చిపోలేదు.

"పట్టిందా?" అంది.

"పట్టింది."

"బాగా పట్టిందా?"

"బాగా పట్టింది."

ఆమె కళ్లు మూసుకుని తాయెత్తుతో సహా రెండు చేతులూ జోడించింది. నేను చెప్పలేదా, తల్లి నా మాట తీసెయ్యదని, అంది. తిట్టు నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. బుల్లయ్య కుర్చీలో కూర్చుని చొక్కా పైకెత్తాడు, ఆమె వంగి మొలతాడుకి తాయెత్తు ఎక్కించడం మొదలుపెట్టింది. ఆమె తలలో పాపిట దగ్గర తెల్లవెంట్రుకలకి రాసుకున్న గోరింటాకు రంగు సగమే పట్టింది, ఎన్నిసార్లు చెప్పినా తడి తల మీదే రాస్తుంది.

"మీ అన్నకి ఫోన్ చెయ్యి" అన్నాడు. "ఆ రెండో లాటు పాచి రంగేనని చెప్పు. మళ్లీ అద్ది ఇస్తామని చెప్పు."

"ఒప్పుకున్నావా ఎట్టకేలకి" అని నవ్వింది ఆమె, తలెత్తకుండానే.

"ఈసారి తొట్టి దగ్గర నువ్వు నిలబడు. నేను ముంచుతాను. పట్టిందో లేదో నువ్వు చూసి చెప్పు."

"నన్ను మూసుకోమన్నావుగా. నాకేం తెలుసు రంగులు."

"నీకే తెలుసు. ఆరోజు నువ్వన్నదే నిజం."

ఆమె చేతులు ఆగిపోయాయి. ముప్పై ఎనిమిదేళ్లలో ఆ మాట ఆయన నోట ఆమె వినలేదు. తలెత్తి ఆయన మొహంలోకి చూసింది, తర్వాత తలుపు దగ్గర ఇంకా వెళ్లకుండా నిలబడ్డ ముస్తాక్ వంక చూసింది, మళ్లీ ఆయన వంక చూసింది.

"పట్టకూడదా ఏంటయ్యా?" అంది మెల్లగా.

"ముందు ఆ తాయెత్తు కట్టవే" అన్నాడు బుల్లయ్య. "సాయంత్రం మళ్లీ డాక్టరు దగ్గర కూర్చోవాలి."

ఆమె వంగి కట్టింది. ఎప్పుడూ ఒక్క ముడి వేసేది, ఇప్పుడు దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి వేస్తూనే ఉంది. ఎన్ని ముళ్లు వేస్తావే అందామనుకున్నాడు గానీ, చొక్కా అలాగే పైకెత్తి పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.